క్యాంపులు ఆగిన వేసవి

మా సింధనూరు వైపు తెలుగువాళ్ళకు క్యాంపు అంటే ఊరు. కొత్తవాళ్ళు కలిస్తే "మీది ఏ ఊరు?" అని అడగరు, "మీది ఏ క్యాంపు?" అంటారు. 1945లో మొదలైన తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువ కింద భూములు సాగులోకి వచ్చినప్పుడు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల చోట్లనే క్యాంపులన్నారు. ఇప్పుడు గుడిసెలు లేవు, డాబాలు వచ్చాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మాకు ఇంకో క్యాంపు కూడా తెలుసు. అది బ్లడ్ క్యాంపు. కన్నడంలో రక్తదాన శిబిర అంటారు. జయంతులకు, సినిమా హీరోల పుట్టినరోజులకు, కాలేజీ వార్షికోత్సవాలకు ఈ క్యాంపులు పెడతారు. నాలుగు మంచాలు, ఒక ఫ్యాను, చివర్లో అరటిపండు, బిస్కెట్ ప్యాకెట్, ఒక సర్టిఫికెట్. చిన్నప్పుడు నేను బిస్కెట్ కోసం వెళ్ళేదాన్ని.

"మన జిల్లాలో కరోనా కాలపు చరిత్ర రాయండి" అని మా సోషల్ సార్ చెప్పినప్పుడు క్లాసులో చాలామంది లాక్‌డౌన్ గురించీ, నడిచి వచ్చిన కూలీల గురించీ, ఫోన్‌లో చదివిన పాఠాల గురించీ రాశారు. నేను రక్తదాతల గురించి రాస్తానన్నాను. దానికి కారణం మా ఇంట్లోనే ఉంది, అది తర్వాత చెబుతాను. చరిత్ర అన్నాక ముందు నుంచి మొదలుపెట్టాలి కదా.

1918: అడగడానికి ఎవరూ లేని కాలం

నూరేళ్ళ కిందట కూడా ఒక మహమ్మారి వచ్చింది. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా అది. మన దేశంలో కోటి మందికి పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. అప్పుడు రాయచూరు నిజాం పాలించే హైదరాబాదు రాజ్యంలో ఉండేది. ఆ రాజ్యం జనాభా 1911లో సుమారు 1 కోటి 34 లక్షలు. 1921 జనాభా లెక్కల్లో అది 1 కోటి 25 లక్షలకు తగ్గింది. జనాభా పెరగాల్సిన పదేళ్ళలో తగ్గిందంటే ఆ రోజులు ఎలాంటివో ఊహించుకోవచ్చు. జ్వరంతో పాటు కరువు, ప్లేగు కూడా కలిసి వచ్చాయి.

ఆ రోజుల్లో మన దగ్గర రక్తదాత అనే మాటే లేదు. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తం గ్రూపులు కనిపెట్టాడు. ఆయన పుట్టిన జూన్ 14నే ఇప్పుడు ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుతున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపి కొన్ని రోజులు దాచి సైనికులకు ఎక్కించారు. అదంతా యుద్ధరంగంలో జరిగింది. మామూలు మనిషికి ఆస్పత్రిలో రక్తం కావాలంటే అప్పటికప్పుడు ఎవరో ఒకరు దొరకాలి.

ఆ జ్వరం తగ్గిన రెండు మూడేళ్ళకు, 1921లో, లండన్‌లో ఒక చిన్న సంగతి జరిగింది. ఒక రోగికి రక్తం కావాలని కింగ్స్ కాలేజీ ఆస్పత్రి నుంచి రెడ్‌క్రాస్ స్థానిక శాఖకు ఫోన్ వచ్చింది. ఆ శాఖకు పెర్సీ ఆలివర్ అనే ఆయన కార్యదర్శి. ఆయనా, ఇంకొందరూ వెళ్ళారు. వాళ్ళలో ఒక నర్సు రక్తం సరిపోయింది. ఆ తర్వాత ఆలివర్, ఆయన భార్య తమ ఇంట్లోనే కార్డుల మీద దాతల పేరు, గ్రూపు, ఎక్కడ దొరుకుతారో రాసి పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తే కార్డు తీసి దాతకు కబురు పంపేవాళ్ళు. 1922లో 13 పిలుపులు వస్తే 1925 నాటికి అవి 400 దాటాయి. డబ్బు తీసుకోకుండా రక్తం ఇచ్చే దాతల వ్యవస్థ అలా పుట్టింది. అంటే అది మొదలైంది క్యాంపుతో కాదు, ఒక జాబితాతో, ఒక టెలిఫోన్‌తో. ఈ మాటను గుర్తుపెట్టుకోమని చదివేవాళ్ళను కోరుతున్నాను.

ఎయిడ్స్ కాలం: రక్తమంటేనే భయం

మన దేశంలో ఉచిత రక్తదానాన్ని ఉద్యమంగా తెచ్చినవాళ్ళలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. 1950ల దశకంలో బొంబాయిలో లీలా మూల్‌గావ్‌కర్ స్వచ్ఛంద రక్తదానం కోసం పనిచేశారు. చండీగఢ్‌లో డాక్టర్ జె. జి. జాలీ డాక్టర్లనూ, ప్రజలనూ దీనికి కదిలించారు. 1975 నుంచి అక్టోబరు 1ని మన దేశంలో జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినంగా జరుపుతున్నారు. అయినా చాలా ఊళ్ళలో రక్తం అమ్ముకునేవాళ్ళే ఆధారం. వాళ్ళు పేదవాళ్ళు. తిండి సరిగా లేకపోయినా డబ్బు కోసం మళ్ళీమళ్ళీ ఇచ్చేవాళ్ళు.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ సెల్లప్పన్ నిర్మల కలిసి మన దేశంలో మొదటి హెచ్.ఐ.వి. కేసులను గుర్తించారు. ఇది రక్తం ద్వారా కూడా పాకే రోగం. 1989 నుంచి రక్తానికి హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి చేశారు. తర్వాత కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో 1996 జనవరి 4న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ప్రకారం 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్మడం, కొనడం నిషేధమైంది. 2002లో జాతీయ రక్త విధానం వచ్చింది.

ఎయిడ్స్ మహమ్మారి వల్ల రక్తం శుభ్రమైంది, పరీక్షలు వచ్చాయి, అమ్మకం ఆగింది. ఇది మేలు. కానీ "రక్తం ఇస్తే రోగం వస్తుంది" అనే భయం కూడా అప్పుడే పాకింది. నిజానికి ఆ రోగం రక్తం ఎక్కించుకునేవాళ్ళకు రావచ్చేమో గానీ, ప్రతిసారీ కొత్త సూది వాడతారు కాబట్టి ఇచ్చేవాళ్ళకు రాదు. అయినా మా నాయనమ్మ ఇప్పటికీ "సూది కొత్తదేనా అని చూసుకో" అంటుంది. రోగం పోయినా భయం మూడు తరాలు ఉంటుందని నాకు దీనితో అర్థమైంది.

2020: రోగం రాకముందే వచ్చిన కొరత

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. దేశంలో కరోనాతో మొదటి మరణం మన పక్కనే కలబురగిలో జరిగింది. మార్చి 10న చనిపోయిన ఆ పెద్దాయనకు కరోనా ఉందని రెండు రోజుల తర్వాత తేలింది. మార్చి 14 నుంచి కర్ణాటకలో సినిమా హాళ్ళు, మాల్స్ మూసేశారు, సభలూ పెళ్ళిళ్ళూ వద్దన్నారు. స్కూళ్ళు, కాలేజీలు కూడా మూతపడ్డాయి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. 2020 మే మొదట్లో కేంద్ర ప్రభుత్వం జిల్లాలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగులుగా విడదీసినప్పుడు మన రాయచూరు ఆకుపచ్చలో ఉంది. అంటే రోగం ఇంకా మన దగ్గర లేదనే లెక్క. కానీ రక్తం కొరత మాత్రం అప్పటికే వచ్చేసింది. రోగం కంటే ముందు కొరత ఎలా వచ్చింది?

దీనికి రక్తం గుణమే కారణం. రక్తాన్ని బియ్యంలా బస్తాల్లో దాచలేం. ఎర్ర కణాలను 2 నుంచి 6 డిగ్రీల చలిలో పెట్టినా మామూలు సంచిలో 35 రోజులే ఉంటాయి. ఇంకో ద్రావణం కలిపితే 42 రోజులు. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. నేను నోట్‌బుక్కులో ఒక లెక్క వేశాను. లాక్‌డౌన్‌కు ముందురోజు, మార్చి 24న ఇచ్చిన రక్తం 35 రోజులకు, అంటే ఏప్రిల్ 28కి గడువు దాటిపోతుంది. ఈ నెల రోజుల్లో కొత్త దాతలు రాకపోతే బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ ఖాళీ.

ఇంకో లెక్క. ఒక ప్రాంతంలో ఏడాదికి కావలసిన రక్తం అక్కడి జనాభాలో కనీసం నూటికి ఒక యూనిట్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2011 లెక్కల ప్రకారం రాయచూరు జిల్లా జనాభా 19,28,812. అంటే ఏడాదికి 19 వేల యూనిట్లకు పైగా కావాలి. రోజుకు 50 మందికి పైగా దాతలు చెయ్యి చాపాలి. పండగైనా, వర్షమైనా, లాక్‌డౌన్ అయినా.

అవును, లాక్‌డౌన్‌లో వాడకం కూడా కొంత తగ్గింది. రోడ్డు మీద బండ్లు లేవు కాబట్టి ప్రమాదాలు తగ్గాయి. వాయిదా వేయగలిగిన ఆపరేషన్లు వాయిదా వేశారు. కానీ కాన్పులు వాయిదా పడవు. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాల్సిందే. కాన్సర్ రోగులు ఆగలేరు.

మన దగ్గరే ఇలా జరిగిందనుకోకూడదు. అమెరికాలో 2020 మార్చి మధ్యకే రెడ్‌క్రాస్ క్యాంపులు దాదాపు 2,700 రద్దయ్యాయి, దానివల్ల 86 వేల యూనిట్లు తగ్గాయి. హైదరాబాదులో తలసీమియా పిల్లలకు రక్తం లేక అవస్థ పడితే సైబరాబాద్ పోలీసులు దాతలను కూడగట్టారు. 1998లో తన పేరు మీద బ్లడ్ బ్యాంకు పెట్టిన నటుడు చిరంజీవి ఆ ఏప్రిల్‌లో తానే వెళ్ళి రక్తం ఇచ్చి, అందరినీ రమ్మని అడిగారు.

కరోనా రక్తం ద్వారా పాకే రోగం కాదు. ఊపిరితిత్తుల రోగాలను కలిగించే వైరస్‌లు రక్తం ఎక్కించడం వల్ల పాకినట్టు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే చెప్పింది. అంటే ఎయిడ్స్‌లా రక్తం చెడలేదు. 1918లోలా శాస్త్రం లేకపోవడమూ కాదు. మరి ఏం పోయింది? మనుషులు కలుసుకునే చోటు పోయింది. మన దాతలు ఎక్కువగా గుంపులో తయారైనవాళ్ళు. స్నేహితుడు మంచం ఎక్కితే పక్కవాడూ ఎక్కుతాడు. కాలేజీ మూతపడితే ఆ పక్కవాడే లేడు.

మా ఇంటి సంగతి

ఏప్రిల్ 29న మా అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అప్పుడు నాకు పదేళ్ళు. సింధనూరులో చూపిస్తే రక్తం తక్కువగా ఉంది, కాన్పు కష్టమవుతుంది, రాయచూరు తీసుకెళ్ళండి అన్నారు. మాన్వి మీదుగా 80 కిలోమీటర్లకు పైగా దారి. దారిలో చెక్‌పోస్టుల దగ్గర నాన్న ఆస్పత్రి చీటీ చూపించుకుంటూ వెళ్ళారు. నేను నాయనమ్మ దగ్గర ఉండిపోయాను. మిగతాదంతా నాన్న, అమ్మ చెప్పగా రాస్తున్నాను.

తమ్ముడు పుట్టాడు. అమ్మకు రక్తస్రావం ఆగలేదు. రెండు సంచులు కావాలన్నారు. అమ్మది బి పాజిటివ్. మన దేశంలో చాలా మందికి ఉండే గ్రూపే అది. బ్లడ్ బ్యాంకులో ఆ రోజు ఒక్క సంచే ఉంది. అది ఎక్కిస్తూ రెండోదానికి దాతను తెమ్మన్నారు. నాన్నది ఎ పాజిటివ్. ఆయన తన రక్తం ఇచ్చారు గానీ అది అమ్మకు పనికిరాదు, ఇంకెవరికో పనికొస్తుంది.

నాన్న మా క్యాంపుకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. పద్నాలుగు మందికి చేశానని చెబుతారు. చాలామందికి తమ గ్రూపే తెలియదు. తెలిసినవాళ్ళు "పోలీసులు కొడతారేమో", "ఆస్పత్రికి వస్తే కరోనా అంటుకుంటుందేమో" అన్నారు. మా వీధి చివర ఉండే పెదనాన్న ఒకరున్నారు. సొంత పెదనాన్న కాదు, మా తాతయ్యతో పాటు గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆయనది బి పాజిటివ్ అని అందరికీ తెలుసు. అప్పటికి పదకొండుసార్లు రక్తం ఇచ్చారు, సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. నాన్న ధైర్యమంతా ఆయనే. ఆయన ఫోన్ ఎత్తి, అంతా విని, "రాలేనురా" అని పెట్టేశారు.

చివరికి ఎవరు వచ్చారు? ట్రాక్టరు మెకానిక్ ఒకాయన నాన్నకు ఒక లెక్చరర్ నంబరు ఇచ్చారు. ఆ లెక్చరర్ తమ కాలేజీలో అంతకుముందు ఏడాది జరిగిన బ్లడ్ క్యాంపు జాబితాను ఇంట్లో దాచుకున్నారు. పేరు, గ్రూపు, ఫోన్ నంబరు, అంతే. అందులో మాన్వి దగ్గరి కన్నడ కుర్రాడు ఒకడున్నాడు. జీవితంలో ఒక్కసారే రక్తం ఇచ్చినవాడు. మా పేరు కూడా తెలియదు. బైకు మీద రాయచూరు వచ్చి, 350 మిల్లీలీటర్లు ఇచ్చి, బిస్కెట్ కూడా తినకుండా వెళ్ళిపోయాడట. తర్వాత నాన్న ఫోన్ చేసి ఎలా రాగలిగావు బాబూ అని అడిగితే "ఫోన్ బంతు, బందె" అన్నాడు. ఫోన్ వచ్చింది, వచ్చాను అని.

అమ్మ ఇవాళ ఇంట్లో ఉంది. తమ్ముడికి ఐదేళ్ళు.

ఈ వ్యాసం మొదలుపెట్టేముందు, కొరత వచ్చిందంటే జనానికి ఇచ్చే మనసు లేకపోవడమే అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మా క్యాంపులో ఆ రాత్రి బి పాజిటివ్ వాళ్ళు కనీసం ఇరవై మంది ఉండి ఉంటారు. వాళ్ళు ఎవరో మాకు తెలియదు, కొందరికి తమ గ్రూపే తెలియదు. లండన్‌లో ఆలివర్ కార్డులు చేసిన పనినే తొంభై తొమ్మిదేళ్ళ తర్వాత ఒక లెక్చరర్ దాచిన కాగితం చేసింది.

నిబంధనలు మారిన రెండేళ్ళు

2020 మార్చి 25న జాతీయ రక్త మార్పిడి మండలి సూచనలు వచ్చాయి. కరోనా వచ్చినవాళ్ళు, రోగులతో కలిసినవాళ్ళు, విదేశాల నుంచి వచ్చినవాళ్ళు 28 రోజులు రక్తం ఇవ్వకూడదన్నారు. దాతల మధ్య దూరం, మాస్కులు, చేతులు కడుక్కోవడం వచ్చాయి. గుంపుగా పెట్టే క్యాంపు చిన్నదైంది.

2021లో టీకాలు వచ్చాక ఇంకో చిక్కు. మార్చి 5న ఇచ్చిన ఆదేశం ప్రకారం రెండో డోసు తర్వాత 28 రోజుల దాకా రక్తం ఇవ్వకూడదు. మొదటి డోసు నుంచి లెక్కేస్తే దాదాపు రెండు నెలలు. మే 1 నుంచి 18 ఏళ్ళు నిండిన అందరికీ టీకా అన్నారు. రక్తం ఇచ్చేది ఎక్కువగా ఆ యువకులే. అందరూ ఒకేసారి టీకా వేసుకుంటే రక్తం ఎవరిస్తారు? అందుకే ఆ రోజుల్లో "ముందు రక్తం ఇవ్వండి, తర్వాత టీకా వేసుకోండి" అని దేశమంతా అడిగారు. మే నెలలోనే ఆ గడువును 14 రోజులకు తగ్గించారు. ఒక అంకె మారితే వేలమంది దాతలు దూరమవుతారు, ఒక అంకె మారితే దగ్గరవుతారు.

ఇదే సమయంలో ప్లాస్మా కోసం జనం పరుగులు తీశారు. కరోనా తగ్గినవాళ్ళ రక్తంలోని ప్లాస్మా ఎక్కిస్తే రోగి బతుకుతాడని ఆశ. 1918లో కూడా డాక్టర్లు ఇలాగే కోలుకున్నవాళ్ళ రక్తంతో ప్రయత్నించారు. మన ఐ.సి.ఎం.ఆర్. 39 ఆస్పత్రుల్లో 464 మంది రోగుల మీద పరీక్షించి, దానివల్ల మరణాలు తగ్గలేదని 2020లోనే తేల్చింది. 2021 మేలో ప్లాస్మాను చికిత్స జాబితా నుంచి తీసేశారు. నాకు ఇందులో బాధ కలిగించేది ఒకటుంది. ప్లాస్మా ఇవ్వమంటే దేశమంతా సందేశాలు పంపుకున్నారు. మామూలు రక్తం కోసం ఎదురుచూసే తలసీమియా బిడ్డ గురించి అంతమంది పంపుకోలేదు. భయం కొత్త దాతలను తేగలదు, కానీ భయం పోగానే వాళ్ళూ పోతారు.

ఇంకో నష్టం కంటికి కనబడనిది. కర్ణాటకలో డిగ్రీ కాలేజీలు 2020 నవంబరు 17న తెరిచారు, రెండో వేవ్‌లో మళ్ళీ మూతపడ్డాయి. ఆ రెండేళ్ళలో 18 నిండినవాళ్ళలో చాలామందికి కాలేజీ క్యాంపులో మొదటిసారి రక్తం ఇచ్చే అవకాశమే రాలేదు. మొదటిసారి ఇవ్వనివాడు రెండోసారి ఇవ్వడు. మగవాళ్ళు మూడు నెలలకు ఒకసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. రెండేళ్ళలో ఒక్క మనిషి ఎనిమిదిసార్లు ఇవ్వగలడు. అలాంటి ఒక్క దాత జారిపోతే పోయేది ఒక సంచి కాదు.

పెదనాన్న చెప్పింది

ఆ రోజు తర్వాత నాన్న వీధి చివరి పెదనాన్నతో మాట్లాడటం మానేశారు. గొడవ పడలేదు. ఎదురైతే తల పక్కకు తిప్పుకోవడం, అంతే. ఐదేళ్ళు అలాగే గడిచాయి. పండక్కి వాళ్ళింటి నుంచి అరిసెలు వస్తే నాయనమ్మ తీసుకునేది, నాన్న ముట్టుకునేవారు కాదు.

ఈ వ్యాసం కోసం నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. నాన్నకు చెప్పే వెళ్ళాను. నాన్న "నీ ఇష్టం" అన్నారు. హాల్లో ఆ ఫ్రేములు ఇంకా ఉన్నాయి. నేను లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఆ రోజు ఇంట్లో వాళ్ళమ్మ మంచాన ఉన్నారట, ఎనభై దాటిన మనిషి. హైదరాబాదులో ఉన్న కొడుకు రోజూ ఫోన్ చేసి "నాన్నా, ఆస్పత్రి గడప తొక్కావంటే మామ్మకు అంటిస్తావు" అని చెప్పేవాడట. ఎవరికి ఫోన్ చేసినా ముందు ఆ దగ్గు వినిపించేది కదా, అది విని విని కాళ్ళు వణికేవట. "మీ నాన్న పెట్టేశాక బండి తాళం చేతిలో పట్టుకుని గేటు దాకా వెళ్ళానమ్మా. అక్కణ్ణించి వెనక్కొచ్చాను" అన్నారు.

"మరి తర్వాత ఎందుకు ఇవ్వలేదు పెదనాన్నా? కరోనా పోయింది కదా" అని అడిగాను.

"ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? పక్కింటి పిల్లకి ఇవ్వనివాడు ఇప్పుడు ఫోటో దిగడానికి వచ్చాడంటారు. అయినా, నన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదమ్మా."

నేను చదివిన వాటన్నిటికంటే ఈ మాటే నాకు ఎక్కువ నేర్పింది. దాతను నిలుపుకోవడం అంటే సర్టిఫికెట్ ఇవ్వడం కాదు. ఒకసారి రాలేకపోయినవాణ్ణి మళ్ళీ పిలవడం. మహమ్మారిలో భయపడటం తప్పు కాదు, అందరమూ భయపడ్డాం. భయపడినందుకు సిగ్గుపడి ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఎంతమందో ఎవరూ లెక్క రాయలేదు. వాళ్ళను ఎవరూ తిట్టనవసరం లేదు, ఒక్క ఫోన్ చేస్తే చాలు. పిలిచినా రాకపోతే అది వాళ్ళ సంగతి. పిలవకపోవడం మన సంగతి.

ఇంటికొచ్చి ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. గేటు దాకా వచ్చారన్న మాట మాత్రం రెండోసారి చెప్పించుకున్నారు.

మేం మొదలుపెట్టినది

మా క్యాంపులో ఇప్పుడు ఒక నోట్‌బుక్కు ఉంది. రెండు వందల పేజీల మామూలు లాంగ్ నోట్‌బుక్కు, కిరాణా కొట్లో ఉంటుంది. పేరు, గ్రూపు, ఫోన్ నంబరు, చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ అని గీతలు కొట్టాం. గ్రూపు తెలియనివాళ్ళ దగ్గర ఖాళీ వదిలాం, తెలుసుకున్నాక నింపుతారు. చివరి తేదీ గడి ముఖ్యం. దాన్ని చూసి మూడు నెలలు దాటినవాళ్ళకు గుర్తు చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వానిది ఈ-రక్తకోశ్ అనే వెబ్‌సైటు 2016 నుంచి ఉంది, ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు ఎంత ఉందో అందులో చూడవచ్చు. అది రక్తం ఎక్కడుందో చెబుతుంది. మా నోట్‌బుక్కు మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది. రెండూ కావాలి.

ఈ నోట్‌బుక్కులో నేను కూడా ఉన్నాను గానీ ఇంకా ఇవ్వలేను. రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్ళు నిండాలి, కనీసం 45 కిలోల బరువు ఉండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. స్కూల్లో పరీక్ష చేసినప్పుడు నాది 11 వచ్చింది. మా క్లాసు ఆడపిల్లల్లో చాలామందిది అంతే. అమ్మ ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఆకుకూర, సాయంత్రం పల్లీ చిక్కీ పెడుతోంది. "నాకు ఎవరో ఇచ్చారు, నువ్వు ఎవరికో ఇవ్వాలి" అంటుంది. ఆడపిల్లల రక్తహీనత పోతేనే దాతల్లో సగం మంది కొత్తగా వస్తారని నాకనిపిస్తోంది.

నోట్‌బుక్కు తెరిచిన రోజు సాయంత్రం నాన్న దాన్ని చంకలో పెట్టుకుని వీధి చివరికి వెళ్ళారు. నేను గుమ్మంలోంచి చూశాను. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. నాన్న తిరిగి వచ్చాక పుస్తకం తెరిచి చూస్తే, మొదటి పేజీలో పెదనాన్న చేతిరాతతో ఆయన పేరు, బి పాజిటివ్ అని ఉంది. వయసు 58. డాక్టర్లు 65 దాకా ఒప్పుకుంటారు. చివరి తేదీ గడిలో 2019 అని రాసి, పక్కన "పిలవండి" అని రాశారు.

నా పేరు నలభై రెండోది. నా గడిలో 2028 అని రాసుకున్నాను.